గారె రబ్బరు, గడ్డి బండి కట్టు

ఆ రోజుల్ల బడి ఇడిసిపెట్టినోనికి గూడ ఒక ఇజ్జతుండె. "ఇడిసిపెట్టిన" అంటె ఏదో రాజ్యం ఇడిసిపెట్టినట్టు చెప్పుకునేటోళ్ళం. నేను తొమ్మిదో తరగతి సగంల ఇడిసిన. నన్ను చూస్తె లెక్కల సారు తలకాయ పట్టుకునేటోడు, లెక్కలను చూస్తె నేను తలకాయ పట్టుకునేటోన్ని. రెండు తలకాయలు బతకాలంటె ఎవరో ఒకరు పోవాలె. సారుకు నౌకరి ఉండె, పెండ్లాం పిల్లలుండిరి, అందుకని నేనే పోయిన. (సారు ఇప్పటికి గూడ కలిస్తె నా చెయ్యి పట్టుకొని మంచిగ మాట్లాడ్తడు. కృతజ్ఞత ఉన్న మనిషి.) అట్ల కౌడిపల్లి దిక్కు మా ఊర్ల బస్సెక్కి, మెదక్ల దిగి, ఒక మెకానిక్ షెడ్డుల పడ్డ. షెడ్డు పెద్దమనిషిని ఊరంత ఉస్తాద్ అనేది, నేను గూడ అన్న. ఆయన నాకు పెట్టిన పేరు తేజ్. నా దిమాగ్ తేజ్‌గ ఉందని పెట్టిండనుకొని ఆరు నెలలు మురిసిన. నోరు చూసి పెట్టిండని ఏడో నెల ఆయనే చెప్పిండు.

మూడేండ్లు గడిచినయి. మా బాపు ఏడాదికోసారి వచ్చి, షెడ్డు ముందట నిలవడి, నన్ను ఎగాదిగ చూసి పోయేటోడు. నల్లగైన చేతులు కనవడ్తుండె గని నేర్చిన పని ఆయనకు కనవడకపోయేది. మూడో ఏడు మా చేన్ల బోరువడ్డది, నీళ్ళు మంచిగ పడ్డయి. ఇగ రెక్కలు కావాలె, పిలగాన్ని తోల్కపోత అని వచ్చిండు. పొలం పనంటె నాకు చిన్నతనం కాదు, భయం. మా బాపు కట్టిన గడ్డి బండి గుంతలల్ల పడి లేచినా ఒక్క పరక జారదు. నేను కట్టిన బండి ఇల్లు చేరేటాల్లకు తొవ్వ పొడుగున ఊరి బర్రెలన్నిటికి దావతయ్యేది. అసొంటి నన్ను ఉస్తాద్ కాపాడిండు. కాపాడిండంటె, ఉరికి ఒక గడువు పెట్టిండు.

"పటేలా, వీనికి ఒక్క బండి ఇస్త," అన్నడు. "మొదటి బోల్టు నుంచి ఆఖరి బోల్టు దాంక వీడే చెయ్యాలె. నేను చెయ్యి పెట్టను, నోరు పెట్టను. బేస్తారం పగటి పన్నెండు కొట్టేటాల్లకు బండి నడిస్తె వీడు నా దగ్గరుంటడు. నడవకుంటె మీ పిలగాన్ని మీరు తోల్కపోండ్రి."

బాపు సరే అన్నడు. దూడ బేరం కుదిరినట్టు ఇద్దరు చేతులు కలిపిండ్రు. దూడను ఎవరు అడుగరు గద.

ఆ బండి సిస్టరమ్మది, పద్మిని అనే పాతకాలం కారు. సిస్టరమ్మ అంటె నర్సు నౌకరి చేసి రిటైరైన ఆమె, చర్చి అవతల ఉంటుండె. మా దిక్కు సగం మందిని భూమ్మీదికి తెచ్చింది ఆమె చేతులే. ఆ కారు వయసు నా కంటె ఎక్కువ, దానికున్న ఇజ్జతు గూడ నా కంటె ఎక్కువ. క్లచ్చి ఇడిస్తె కింద నుంచి ఎవరో తలుపు కొట్టినట్టు సప్పుడయ్యేది. ఊరు దాటి జర జోరుగ పోతె కారంత చలిజరం వచ్చినట్టు వణికేది, సిస్టరమ్మ కండ్లద్దాలు ముక్కు మీంచి జారి ఒళ్ళె పడేటియి. ఇంజను కింద రబ్బర్లు, గేరు డబ్బ కింద రబ్బరు, అన్నిటికంటె ముఖ్యంగ కప్లింగ్ రబ్బరు, మొత్తం ఖరాబైనయి. కప్లింగ్ అంటె ఎర్క లేనోళ్ళకు చెప్త: గేరు డబ్బ నుంచి ఎనక చక్రాలకు పోయే ఇనుప కడ్డీ ఉంటది గద, ఆ రెంటి నడుమ ఒక రబ్బరు ఉంటది. అచ్చం గారె లెక్కనే, నడుమ తూటు. కాకపోతె ఈ గారెకు సుట్టు ఇంకో ఆరు తూట్లు. మూడింట్ల నుంచి బోల్టులు గేరు డబ్బ దిక్కు, మూడింట్ల నుంచి కడ్డీ దిక్కు. ఇనుము ఇనుము కొట్లాడుకోకుండ నడుమ కూసోని సముదాయించే పెద్దమనిషన్నట్టు. సిస్టరమ్మ కారుల ఉన్న ఆ పెద్దమనిషి ఎండకాలం నల్లరేగడి లెక్క పగుళ్ళిచ్చిండు.

కొత్త గారె కోసం ఉస్తాద్ హైదరాబాద్ పాత సామాన్ల గల్లీలన్ని తిరిగి ఒక్కటంటె ఒక్కటి తెచ్చిండు. అది ఖరాబైతె ఇంకోటి ఎన్నటికి దొరుకుతదో అల్లాకే ఎర్క అన్నడు. అట్ట డబ్బల ఉండె. దాని సుట్టు నడుముకు వడ్డాణం లెక్క ఒక ఇనుప పట్టీ బిగిచ్చి ఉండె. లోపల మడత పెట్టిన చిన్న కాయితం, నాకు రాని ఇంగ్లీషుల. కాయితం మెత్తగుండె. చేతుల గ్రీజు తుడుచుకున్న.

బుధవారం నాడు ఇంజను రబ్బర్లు, గేరు డబ్బ రబ్బరు మార్చిన. మస్తుగ కూసున్నయి. బేస్తారం పొద్దుగాల కప్లింగ్ ఒక్కటే మిగిలింది. ఉస్తాద్ షెడ్డు ముందట కుర్చీ ఏసుకుంట ఎనకకు తిరిగి, "బేటా, ఇంకొక్క మాట..." అన్నడు. నేను ఆ మాటను గడప కాడనే ఆపిన. "నాకెర్కనే ఉస్తాద్, నువ్వు చాయ తాగు" అన్న. ఆయన నన్ను ఒక నిమిషం చూసి, నా దిక్కు వీపు పెట్టి కూసున్నడు.

నేను గుంతల దిగిన. (మా షెడ్డుల కారు కిందికి పోయి పని చెయ్యనీకె మనిషి ఎత్తు గుంత ఉండె.) గారెను చేతులల్ల పట్టుకొని చూసిన. కొత్త సామాను మీద పట్టీ ఉంటె ఏమనుకుంటరు? బీరువ కొన్నా, కూలర్ కొన్నా, ఇంటికి తెచ్చి ముందుగాల చేసే పని సుట్టున్న పట్టీ కోసుడే. మా ఇంట్ల ఆ పని ఎప్పుడు నాదే. కట్టర్ తీసుకొని పట్టీ మీద పెట్టి ఒత్తిన. టంగ్‌మని తెగింది. గారె నా చేతులల్ల ఊపిరి పీల్చుకొని ఒళ్ళు ఇరుచుకున్నది. గుంతలకెల్లి తల ఎత్తి చూస్తె, ఉస్తాద్ చాయ గిలాస నోటి దాంక పోయి ఆగింది. కనవడేది వీపొక్కటే గని, వీపుకు గూడ మొఖం ఉంటదని నాకు ఆ రోజే తెలిసింది.

సంగతేందంటె, ఆ పట్టీ ప్యాకింగ్ కాదు. రబ్బరును గట్టిగ ఒత్తి పట్టి, తూట్లన్ని బోల్టులకు ఎదురుగ ఉంచే కట్టు అది. ఆరు బోల్టులు బిగిచ్చినంక దాన్ని కొయ్యాలె. ముందే కోస్తె రబ్బరు ఉబ్బి తూట్లు తలో దిక్కు జరుగుతయి. నేను మూడు బోల్టులు ఎక్కిచ్చిన. నాలుగోది తూటుకు బొటనేలంత దూరంల నిలవడి నన్ను చూసి నవ్వింది. సుత్తెతోని కొట్టిన. సబ్బు నీళ్ళు పోసిన, నురుగొచ్చింది గని బోల్టు పోలే. సైకిల్ ట్యూబు సుట్టి గుంజిన, ట్యూబు తెగి నా చెంప మీద కొట్టింది. దానికున్న బుద్ధి ఆ నిమిషంల ఇంకెవరికి లేదు.

పదకొండు గంటలకు సిస్టరమ్మ వచ్చింది. గుంత అంచుకు పీట ఏసుకొని కూసోని, ఎంతసేపైతది బాబు అని అడిగింది. అయిపోయిందమ్మా అన్న. నలభై ఏండ్లు నర్సు నౌకరి చేసిన మనిషికి ఆ మాట కొత్తేం కాదు. పాణం బాగలేనోళ్ళందరు బాగనే ఉన్న అనే చెప్తరంట.

ఇంకో అరగంటకు తెల్ల దోతి, తెల్ల అంగీ, తలకు రుమాలతోని మా బాపు దిగిండు. చేతుల ఖాళీ సంచి ఉండె, నా బట్టలు పెట్టనీకె. కారును చూసిండు, గుంతల నన్ను చూసిండు. నేను గుంతలనే గోడకు ఒరిగి, తెగిన పట్టీని చేతుల పట్టుకొని కూసున్న. తేజ్ అని పేరు పెట్టించుకున్న నోట్ల నుంచి గాలి తప్ప ఏం రాలే. గడియారం పన్నెండుకు దగ్గర వడ్డది. ఇగ నా మెకానిక్ బతుకు ఖతం అనుకున్న. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. (సబ్బు నీళ్ళని చెప్దామనుకున్న గని ఎవరు అడుగలే.)

అప్పుడు ఉస్తాద్ కుర్చీల నుంచి లేవకుండనే, ఇటు తిరుగకుండనే, రోడ్డు దిక్కు చూసుకుంట మా బాపును అడిగిండు.

"పటేలా, నాకు తెల్వక అడుగుత. మీరు గడ్డి బండి కడ్తరు గద, తాడు ఎంత గుంజినా మల్ల వదులైతది. మరి ఎట్ల బిగిస్తరు?"

బాపు అమాయకంగనే చెప్పిండు. తాడు రెండు సుట్లు ఏసి, నడుమ కట్టె దూర్చి, ఆ కట్టెను మెలి తిప్పాలె. ఎంత తిప్పితె అంత బిగుస్తది. చెప్పుకుంట చెప్పుకుంట ఆయన మాట ఆగింది. గుంత దిక్కు చూసిండు. నా చేతుల తెగిన పట్టీని, కారు కింద ఉబ్బిన గారెను చూసిండు. ఉస్తాద్ మాట తప్పలే, చెయ్యి పెట్టలే, నోరు గూడ కారు మీద పెట్టలే. గడ్డి గురించి అడిగిండు, అంతే.

బాపు సంచి కింద పెట్టి, తెల్ల దోతి మోకాళ్ళ మీదికి కట్టి, గుంతల దిగిండు. నైలాన్ తాడు దొరికింది. సుత్తె కామ కట్టె అయ్యింది. నేను మూడేండ్ల సంది ఆ షెడ్డుల కారు కింద నిలవడ్డ, మా బాపు పక్కన నిలవడుడు అదే మొదటిసారి. ఆయన గారె సుట్టు తాడేసి కట్టె మెలేస్తుంటె, పొద్దటి సంది నన్ను చూసి పండ్లు ఇకిలిచ్చిన తూటు సప్పుడు చెయ్యకుండ బోల్టు ముందటికి జరుగుకుంట వచ్చింది. పైనుంచి సిస్టరమ్మ గుంతలకు వంగి, ఎవరికి కోపం చెయ్యకుండ, అలవాటు గొంతుతోని, "ఆ, ఇంక కొంచెం. ఇంక కొంచెం. తల వచ్చిందా? ఇప్పుడు తొయ్యి" అన్నది. తోసిన. నాలుగోది పోయింది. ఐదోది, ఆరోది గూడ. ఆరో బోల్టు నట్టు బిగిచ్చి, తాడు ఇప్పి చూస్తె మా బాపు రుమాలు మీద, అంగీ మీద గ్రీజు చారలు. మా ఇంటి పండుగ అంగీ అది.

అందరం కారెక్కినం. సిస్టరమ్మ నడిపింది, ఉస్తాద్ ముందట, నేను బాపు ఎనక. చర్చి రోడ్డు మీద జోరుగ పోనిచ్చింది. కండ్లద్దాలు ముక్కు మీంచి కదలలే. బాపు కాళ్ళ కాడ అరిచెయ్యి ఆనిచ్చి, బర్రె పొట్ట మీద చెయ్యి పెట్టి చూసినట్టు చూసిండు. వణుకు లేదు. బస్టాండు కాడ దిగిండు. నేను కిందికి చూసుకుంట నిలవడ్డ, ఎందుకంటె బండి నడిచింది గని మొదటి బోల్టు నుంచి ఆఖరి దాంక నేనే చేసిన అని ఏ నోటితోని చెప్పాలె? బాపు ఖాళీ సంచిని మడిచి చంకల పెట్టుకొని ఉస్తాద్‌తోని అన్నడు:

"ఈడనే ఉండనియ్యి సాబ్. ఇంటికి తోల్కపోతె మా గడ్డి బండి తాడు గూడ కోస్తడు."

నవ్వకుండనే అన్నడు. బస్సు కదిలినంక కిటికీల నుంచి నవ్విండు, నేను చూసిన.

షెడ్డుకు వచ్చినంక ఉస్తాద్ నన్ను తిట్టలే. ఆపుదామని మాట నోట్లకొచ్చింది బేటా, మీ బాపుకు జబాన్ ఇచ్చిన గద, మింగిన అన్నడు. ఆ తెగిన పట్టీ అడిగి తీసుకొని, గోడ మేకుకు తగిలిచ్చిండు. ఆ మేకుకు అంతకు ముందు నుంచే తుప్పు పట్టిన ఇనుప రింగొకటి ఏలాడుతుండె. ఏ డ్రమ్ముదో మూత రింగనుకొని మూడేండ్లు దాని మీద నా తువ్వాల ఆరేసిన. ఇప్పుడు రెండు పక్కపక్కన ఏలాడుతుంటె చూసిన. ఒక్క తీరుగనే ఉన్నయి. రెండు గూడ కట్టర్‌తోనే తెగినయి. నేను ఉస్తాద్ దిక్కు చూస్తె ఆయన చాయ దిక్కు చూసిండు. "ఏం చూస్తున్నవ్. పానాలు తుడువు" అన్నడు.

ఇప్పుడు ఉస్తాద్ లేడు. మేకుతోని సహా ఆ రెండు పట్టీలు నా షెడ్డుకు వచ్చినయి. మొన్న హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ సారు పాత పద్మినిని ముద్దుగ చేపిచ్చుకుంటనని తెచ్చిండు. రబ్బర్లన్ని కొరియర్ల వచ్చినయి. గారె మీద అదే వడ్డాణం, డబ్బల అదే మడత కాయితం. ఇంటర్ చదివే మా బిడ్డ అన్నం టిఫిను తెచ్చి అక్కడ్నే ఉండె. చదువు బిడ్డా, ఏం రాసిండ్రో అన్న. చదివింది. మొట్టమొదటి ముక్కనే అంట: ఆరు బోల్టులు బిగిచ్చే దాంక ఈ పట్టీ తియ్యొద్దు.

ఇంకోసారి చదువుమన్న. ఇంకోసారి చదివింది. సంగతంత చెప్తె పొట్ట పట్టుకొని నవ్వి, "బడి ఇడిసిపెట్టకపోతె గంటల అయిపోతుండె పని గద డాడీ" అన్నది.

నిజమే. గంటల అయిపోతుండె. బాపు వచ్చి, నడిచే కారును చూసి, మంచిదని చెప్పి, తెల్ల అంగీ తెల్లగనే ఉండంగ బస్సెక్కి పోతుండె. నా పక్కన ఆ గుంతల దిగకపోతుండె. ఆ కాయితం చదువరానందుకు నేను ఎవరికి దండం పెట్టాల్నో తెల్వక, లెక్కల సారునే తలుచుకున్న. కాయితం మడత పెట్టి, రెండు పట్టీల నడుమ మేకుకు గుచ్చిన. చేతులు మాత్రం ఈసారి ప్యాంటుకే తుడుచుకున్న.