కట్టేసినవాణ్ణి ఎందుకు విడిచినట్టు?

మంగళగి క్రైస్తవ జాతరకు వచ్చిన ఏ బోధకుడూ భీమవ్వ ప్రశ్న నుంచి తప్పించుకుని పోలేదు. ఎంత చదివినవాడైనా సరే, ప్రసంగం ముగించి "ఆమేన్" అనగానే ఆడవాళ్ళ మధ్య నుంచి ఒక బక్కపలచటి మనిషి లేచి నిలబడేది. కొంగు నడుముకు చుట్టి, చెయ్యెత్తి, ఎప్పుడూ ఆ ఒక్క మాటే అడిగేది.

"అయ్యా, సైతాన్ని దేవుడు గొలుసులేసి కట్టిండంటిరి. వెయ్యేండ్లు గుంతల పడేసి మూత పెట్టిండంటిరి. మంచిగనే ఉంది. వెయ్యేండ్లయినంక మల్ల వాన్ని ఇడుస్తడని గూడ రాసి ఉందంటిరి. కట్టేసినోన్ని ఎందుకిడుస్తడయ్యా? దేవునికి వేరే పని లేదా?"

జనం గొల్లుమనేవారు. భీమవ్వ మాత్రం నవ్వేది కాదు.

జొన్న కోతలయ్యాక బీదరు చుట్టుపక్కల ఊళ్ళ క్రైస్తవులు బండ్లు కట్టుకుని మంగళగి వచ్చి, వాగొడ్డు మామిడితోపులో దిగేవారు. పొద్దున ఊరేగింపు, పగలంతా పాటలు, సాయంత్రం కథ. కథ అయ్యాక విన్నవాళ్ళలో పెద్దవాళ్ళు ఒక ప్రశ్న అడగాలి, చెప్పినవాళ్ళు జవాబివ్వాలి, అప్పుడే వడ్డన. అది అక్కడి రివాజు. భీమవ్వ పుణ్యమా అని ఆ జాతరలో ఎన్నో ఏళ్ళు జనం చల్లారిన అన్నమే తిన్నారు.

జవాబులకేం, చాలానే వచ్చాయి. మొదట్లో వచ్చిన తెల్ల పాదిరి తన వచ్చీరాని తెలుగులో ఓపికగా చెప్పాడు. "మంచి మెల్లగా పెరిగి లోకమంతా నిండుతుందమ్మా. బళ్ళు కడుతున్నాం, దవాఖానలు కడుతున్నాం. వెయ్యేళ్ళ రాజ్యం అలాగే వస్తుంది. చివర్లో సాతానుది ఒక చిన్న తిరుగుబాటు, అంతే."

"దవాఖాన కట్టి రోగం బాగు చేసినంక, మల్ల ఆ రోగాన్ని ఊర్లకు ఇడుస్తరా అయ్యా?" అంది భీమవ్వ.

ఇంకో ఏడు హైదరాబాదు నుంచి ఒకాయన బొమ్మలేసిన పొడుగాటి గుడ్డ తెచ్చి రెండు మామిడి చెట్లకు కట్టాడు. ముందు యేసు మేఘాల మీద దిగివస్తాడనీ, ఆ తర్వాత వెయ్యేళ్ళు తానే రాజుగా కూర్చుంటాడనీ కర్రతో చూపించాడు. ఆ సుఖంలో పుట్టినవాళ్ళ మనసు ఎటువంటిదో తేల్చడానికి సాతానును విడుస్తాడట. వాడు గోగు మాగోగులనే జనాల్ని రెచ్చగొట్టి, సముద్రపు ఇసుకంత సైన్యంతో మీదికి వస్తాడట. ఆకాశం నుంచి అగ్ని దిగి అందరినీ కాల్చేస్తుందట. భీమవ్వ బొమ్మలన్నీ శ్రద్ధగా చూసింది. "అగ్గి అంత తయారుగ ఉన్నప్పుడు ముందే కాల్చొచ్చు గద?" అంది.

బీదరు సిద్ధప్ప పాస్టరు నెమ్మదస్తుడు. ఆయన చెప్పింది మరో తీరు. "అవ్వా, వెయ్యి అంటే లెక్క కాదు. యేసు సిలువ మీద గెలిచిన నాటి నుంచి మల్ల వచ్చేదాంక ఉన్న కాలమంతా ఆ వెయ్యేండ్లే. సైతాన్ని అప్పుడే కట్టేసిండు. కట్టేసిన కుక్క లెక్క మొరుగుతడు గని మీదికి రాలేడు."

"ఆ గొలుసు చానా పొడుగున్నట్టుందయ్యా," అంది భీమవ్వ. "మా వాడ దాంక అందుతాంది."

ఆ మాటకు అందరికంటే పెద్దగా నవ్వింది సిద్ధప్ప పాస్టరే. "నాకూ పూరాగ తెల్వదవ్వా. దీని మీద పెద్దపెద్దోళ్ళకే ఒక్క మాట లేదు," అని ఒప్పుకున్నాడు. అందుకే భీమవ్వకు ఆయనంటే ఇష్టం.

నవ్వినవాళ్ళకు తెలియనిది ఒకటుంది. భీమవ్వది తర్కం కాదు, భయం. ఒట్టి భయం.

మంగళగి నడివీధిలో వెంకట్‌రావు దొర కోటలాంటి గడి ఉంది. వాడ జనం దాని ముందు చెప్పులు తొడుక్కుని నడవకూడదు. విప్పి చేత పట్టుకుని, తల వంచి, గడి దాటాక తొడుక్కోవాలి. భీమవ్వ పెనిమిటి నర్సప్ప చెప్పులు కుట్టేవాడు. కిర్రు చెప్పులు కుట్టడంలో అతన్ని మించినవాడు ఆ దిక్కున లేడు. అట్ట పొరల మధ్య ఏం మర్మం పెట్టేవాడో గానీ, అవి తొడుక్కుని వీధి మొదట్లో అడుగేస్తే వీధి చివర కోమటి దుకాణంలో వినపడేది. పెళ్ళయిన కొత్తలో మనసు పుట్టి తన కోసం ఒక జత కుట్టుకున్నాడు. కొత్త పెళ్ళాం, కొత్త చెప్పులు! ఆ సంబరంలో గడి ముందు విప్పడం మరిచిపోయాడు.

దొర మనుషులు ఆ చెప్పులు అతని నెత్తిన పెట్టి, పొద్దు గుంకేదాకా గడి ముందు ఎండలో నిలబెట్టారు. నీళ్ళచెంబుతో వచ్చిన భీమవ్వను దగ్గరికి రానివ్వలేదు. ఆనాటి నుంచి నర్సప్ప వాడవాళ్ళకు చప్పుడు లేని చెప్పులే కుట్టాడు. ఆముదం పట్టించి, నడిచి చూసి, కిర్రుమనలేదని ఖాయం చేసుకుని మరీ ఇచ్చేవాడు. వాడవాళ్ళూ అలాంటివే కావాలనేవారు. ఎంత పాడు కాలం!

తర్వాత నిజాం రాజ్యం పోయింది. జాగీర్లు పోయాయన్నారు, వెట్టి పోయిందన్నారు. దొర గడికి తాళం వేసి హైదరాబాదు వెళ్ళిపోయాడు. అప్పుడు నర్సప్ప దాచుకున్న మంచి తోలు తీసి భీమవ్వకు ఒక జత కిర్రు చెప్పులు కుట్టాడు. "తొడుక్కోవే. ఇగ ఎవనికి భయం?" అన్నాడు.

తొడుక్కుంది. వాడ దాటేదాకా మహారాణిలా నడిచింది. గడి ముందుకొచ్చేసరికి చేతులు వాటంతటవే కాళ్ళ మీదికి పోయాయి.

"తాళమేసిన గడికి గూడ చెప్పులిడుస్తవా?" అన్నాడు నర్సప్ప.

"ఇయ్యాల లేడు. రేపు రాడని ఏంది?"

ఆ చెప్పులు గడి ముందు కిర్రుమంటుంటే వినాలన్న కోరిక తీరకుండానే నర్సప్ప కొన్నేళ్ళకు జ్వరమొచ్చి పోయాడు. ఆ తర్వాతే భీమవ్వ మొదటిసారి సాతాను గొలుసుల ప్రసంగం విన్నది. దేవుడు కట్టినవాడే తిరిగి వస్తాడట, సర్కారు కట్టినవాడు రాడా? అందుకే ప్రతి ఏడూ అడిగేది. ఎవరైనా "వాణ్ణి విడవడమ్మా, అది పొరపాటున రాశారు" అంటే బాగుండునని అడిగేది.

కూతురు తబితాకు మాత్రం తల్లి సంగతి తెలుసు. ఆమె బీదరు మిషను బడిలో చదివి, ఆ పక్కనే చిద్రిలో ఉంటూ ఆడవాళ్ళకు బైబిలు నేర్పేది. గొంతు మంచిది కావడంతో జాతరలో కథ చెప్పే పని కూడా ఆమెదే అయింది. కథకు ఎప్పుడొచ్చినా చెప్పులున్నాయేమోనని ముందు తల్లి కాళ్ళ వైపు చూసేది, తర్వాతే మొహం వైపు.

బీదరు కలిసిన మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. బడి మీద బోర్డు కొత్తగా రాశారు. ఆ ఏడు జాతర ముందర గడి తాళం కూడా తీశారు. వెంకట్‌రావు దొర తిరిగొచ్చాడు.

జాతర పొద్దున ఊరేగింపు చర్చి నుంచి బయలుదేరింది. చేతుల్లో ఈత మట్టలు, ముందు డప్పులు, వెనక కోలాటం. నడివీధి మలుపులో దొర మనిషి పీరప్ప అడ్డంగా నిలబడి ఉన్నాడు. నేల చూపులు చూస్తూ అప్పజెప్పాడు. "దొర చెప్పమన్నడు. గడి ముందట డప్పు బంద్. చెప్పులు చేతిల పట్టుకోవాలె. కాదంటే వెనక సందులకెళ్ళి పోండ్రి."

డప్పు ఆగిపోయింది. సంఘపెద్ద ఖండప్ప గొంతు తగ్గించి, "పండుగ పూట లొల్లెందుకు? సందులకెళ్ళి పోదాం," అన్నాడు. కొందరు తలలూపారు.

"ఇయ్యాల సందులకెళ్ళి పోతే రేపు డప్పు పట్టుకొని గడికి రమ్మంటడు మామా," అంది తబితా. "ఎల్లుండి కూలి లేకుంట చేన్లకు రమ్మంటడు. మల్ల మొదలైతది. మన పిల్లలు గూడ చెప్పులు చేతిల పట్టుకోవాల్నా?"

"ఊర్ల బతికేది మీరు," అన్నాడు సిద్ధప్ప పాస్టరు. "మీరు ఎటంటే నేను అటే నడుస్త. ముందట నడువుమంటే ముందటనే."

ఎవరూ కదలలేదు. భీమవ్వ తన చేతుల వైపు చూసుకుంది. చెప్పులు అప్పటికే చేతిలో ఉన్నాయి! ఎప్పుడు విప్పిందో ఆమెకే తెలియదు. సిగ్గుతో చచ్చినట్టయింది.

అప్పుడు తల ఎత్తి గడి అరుగు వైపు చూసింది. ఇన్నేళ్ళలో అటు తల ఎత్తడం అదే మొదలు. అరుగు మీద కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అంత ఎండలోనూ శాలువా కప్పుకున్నాడు. ఆమె లోపల మోస్తున్న దొర గడి తలుపంత ఎత్తుండేవాడు. ఈయన కుర్చీలో సగానికి సగం ఖాళీ. వీడి కోసమా నా పెనిమిటి కిర్రును ఆముదంతో చంపుకున్నాడు? వీడి కోసమా నేను తాళానికి దండం పెట్టింది? భీమవ్వకు ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే కడుపులోంచి కోపమొచ్చింది.

చెప్పులు కింద పడేసింది. కాళ్ళు దూర్చింది.

"అవ్వా!" అంది తబితా.

"ఉండు బిడ్డా," అంటూ పీరప్పను పక్కకు తోసి నడిచింది.

కిర్రు. కిర్రు. కిర్రు. డప్పులాగిన ఆ వీధిలో అదొక్కటే చప్పుడు. అడుగు ఆగలేదు. దొర కుర్చీలో ముందుకు వంగాడు.

"ఏందే ముసలిదానా! కండ్లు నెత్తికెక్కినయా? ఎవర్రా అక్కడ? పీరిగా! పట్టుకోండ్రా దాన్ని!"

పీరప్ప తలపాగా విప్పి దులిపి మళ్ళీ చుట్టుకోసాగాడు. అది ఎంతకీ చుట్టుకోవడం అయిపోలేదు. దొర ఇంకా ఎవరెవరి పేర్లో పిలిచాడు. కొందరు ఎప్పుడో చచ్చిపోయారు, కొందరు బీదరు కార్ఖానాలకు పనికి పోయారు. ఉన్నవాళ్ళు గడపల్లో నిలబడి చూస్తున్నారు గానీ ఒక్కడూ దిగలేదు. సముద్రపు ఇసుకంత సైన్యమని భీమవ్వ ఇన్నేళ్ళు భయపడిందే, అందులో ఒక్కడూ రాలేదు.

గడి తలుపుకు సరిగ్గా ఎదురుగా ఆగింది. అది నర్సప్ప నిలబడిన చోటు. అక్కడ నిలబడే రెండు కాళ్ళూ మార్చి మార్చి నేలకేసి తొక్కింది. కిర్రు కిర్రు కిర్రు! "ఇంటున్నవా?" అంది పైకే. దొరను కాదు అడిగింది.

ముందు డప్పు మీద ఒక దెబ్బ పడింది. తర్వాత అన్ని డప్పులూ ఒక్కసారిగా లేచాయి. పాస్టరు అన్న మాట ప్రకారమే ముందుకొచ్చాడు. ఖండప్ప కూడా వచ్చాడు, అందరికంటే గట్టిగా పాడుతూ వచ్చాడు. చెప్పులున్నవాళ్ళంతా చెప్పులతోనే గడి ముందు కోలాటం వేసి, ఈత మట్టలు ఆకాశానికెత్తి సాగిపోయారు. దొర లోపలికి లేచిపోవడం చాలామంది చూడనేలేదు.

సాయంత్రం తోపులో తబితా సాతాను గొలుసుల కథే చెప్పింది. కథ ముగిసింది. రివాజు ప్రకారం అందరూ భీమవ్వ వైపు చూశారు. ఆమె లేవలేదు. అన్నం పొగలు కక్కుతోంది.

"అవ్వా, ఇయ్యాల నేనడుగుత," అన్నాడు సిద్ధప్ప పాస్టరు లేచి. "కట్టేసినోన్ని దేవుడు ఎందుకు ఇడుస్తడు?"

భీమవ్వ కూర్చున్నచోటు నుంచే జవాబిచ్చింది.

"మీ పుస్తకాల్ల ఏముందో మీకెరుక అయ్యా. నా సంగతి నేను చెప్త. గుంతల ఉన్నన్ని దినాలు వాడు నా కండ్లకు పెద్దగనే ఉన్నడు. ఇడిసినంకనే గద ఎంతున్నడో సూసిన! వాడు రాకపోతే నేను ఆ తాళానికి మొక్కుకుంటనే సద్దును. వాడు ఓడిపోయిండని దేవునికి ముందుగాలనే ఎరుక. నాకే ఎరుక లేకుండె. ఇగ లేవుండ్రి, అన్నం సల్లారుతది."

ఆ ఏడు మంగళగి జాతరలో జనం వేడన్నం తిన్నారు. పొద్దు గుంకే వేళకు తల్లీకూతుళ్ళు ఇంటిదారి పట్టారు. తోపు నుంచి వాడకు వెనక సందు దగ్గర దారి. తబితా అలవాటుగా అటు తిరిగింది.

"అటెందుకు బిడ్డా?" అంది భీమవ్వ, నడివీధి వైపు కిర్రు కిర్రుమంటూ నడుస్తూ. "మీ నాయిన ఇంకా వింటుంటడు."