షార్జా అని చెప్పాను

నాకు భయం ఎక్కువ. చిన్నప్పుడు కుక్కలంటే, పెళ్లయ్యాక విమానమంటే, దుబాయ్‌లో ఈ అల్ కుసైస్‌లో కాపురం పెట్టాక లిఫ్ట్ అంటే భయపడ్డాను. ఇవన్నీ తర్వాత నవ్వుకుంటూ చెప్పుకునే భయాలు. కేజీ వన్ ఫారం చేతికొచ్చినప్పుడు పట్టుకున్న భయం అలాంటిది కాదు. దాదాపు నెల్లాళ్లు నాకు అన్నం సయించలేదు.

అప్పటికి కరోనా ఆంక్షలు ఎత్తేశారు. పాపకి నాలుగో ఏడు నడుస్తోంది. మావారు అల్యూమినియం కిటికీలు చేసే కంపెనీలో స్టోర్‌కీపరు. ఆయన జీతానికి అందే ఇండియన్ స్కూలు మా చుట్టుపక్కల ఒక్కటే ఉంది. దానికి రెండు శాఖలు. ఒకటి ఇక్కడే కుసైస్‌లో, మా బిల్డింగు నుంచి పది నిమిషాల నడక, రెండోది షార్జాలో. సీట్ల కంటే పిల్లలు ఎక్కువ కాబట్టి ఏటా లాటరీ తీస్తారు. అందులో రాకపోతే ఏం చేయాలో మావారు ముందే తేల్చేశారు.

"రాకపోతే నువ్వూ పాపా ఇండియా వెళ్లిపోండి. నేను కంపెనీ రూములోకి మారిపోతాను. ఇంకేం చేస్తాం మరి" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. పప్పులో నెయ్యి కలుపుకుంటూ మామూలుగా అన్నారు.

పాప పుట్టాక ఏడాదిన్నర దాకా తండ్రిని ఫోనులోనే చూసింది. మేమిక్కడికి వచ్చిన కొత్తలో ఆయన ఎత్తుకుంటే గుక్కపెట్టి ఏడ్చేది. ఎవరో పరాయివాడు ఎత్తుకుపోతున్నాడని దాని ఏడుపు. ఇప్పుడు ఆయన తాళం తీస్తున్న చప్పుడు వింటే చాలు, తింటున్న ముద్ద వదిలేసి పరిగెడుతుంది. అలాంటి పిల్లకి మళ్లీ ఫోనులో నాన్నని చూపించాలా?

ఫారంలో రెండు గడులు ఉన్నాయి. మొదటి గడిలో ఏ శాఖ రాస్తే ఆ శాఖ లాటరీలోనే మన నంబరు వేస్తారు. అక్కడ రాకపోతే, రెండో శాఖలో సీట్లు మిగిలితేనే మన వంతు. మిగలవని అందరికీ తెలుసు. అంటే మొదటి గడిలో రాసిందే లెక్క. షార్జా శాఖ పెద్దది, సీట్లు ఎక్కువ. అదే మొదట రాద్దామన్నారు మావారు. నేను వద్దన్నాను.

షార్జా అంటే బస్సు. తెల్లారకుండా వచ్చే బస్సు, ఎక్కగానే నిద్రపోయే నా పిల్ల. నిద్రపోయిన పిల్లని చూసుకోకుండా బస్సు తలుపులు వేసేసి వెళ్లిపోవడం గురించి గల్ఫులో వినని తల్లి ఉండదు. ఈ ఎండల్లో మూసిన బస్సు గురించి నేను ఆలోచించలేను.

"సీటే రాకపోతేనో?" అన్నారాయన.

"బస్సు మాత్రం వద్దండీ."

ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి సరే అన్నారు. మొదటి గడిలో కుసైస్ రాశాం. ఫోనులో ఫారం పంపడానికి మాత్రం రాహుకాలం అడ్డొచ్చింది. గోడ మీది తెలుగు క్యాలెండరు ఇండియా టైముది, ఇక్కడికి పనికిరాదని నేనూ, రాహువు రెండు దేశాల్లోనూ ఒక్కడేనని ఆయనా కాసేపు వాదించుకున్నాం. ఆఖరికి రెండు టైములూ దాటాకే పంపాం. ఆ నెలలో మేం నవ్వింది అదొక్కసారే.

మాది రెండు గదుల ఫ్లాటు. ఒక గదిలో మేం, రెండో గదిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఇంకో కుటుంబం. వంటిల్లు ఉమ్మడి. ఆ ఇల్లాలు నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది, నేను చెల్లీ అనేదాన్ని. వాళ్ల పాపకీ మా పాపకీ రెండు నెలలే తేడా. వాళ్ల పిల్ల కొత్తవాళ్ల ముందు నోరు విప్పదు. ఏదైనా కావాలంటే మా పాప చెవిలో చెప్తుంది, మా పాప పెద్ద ఆరిందాలా అందరికీ వినిపిస్తుంది. వాళ్లు కూడా అదే స్కూలుకి ఫారం పెడుతున్నారు.

మా అమ్మ ఫోనులో రోజూ ఒకటే పాట. "ఒసే, సీటొచ్చేదాకా ఏది రాశారో ఎవ్వరికీ చెప్పకే. దిష్టి తగులుద్ది." మా ఇంట్లో అది ఆచారం. కడుపుతో ఉన్నా, ఉద్యోగానికి రాసినా, స్థలం చూసుకున్నా, పని పూర్తయ్యేదాకా నోరు విప్పం. ఎవరైనా అడిగితే వేరేది చెప్తాం. దాన్ని అబద్ధమని ఎప్పుడూ అనుకోలేదు.

గడువుకి రెండు రోజుల ముందు పక్కగదామె వంటింట్లో చపాతీలు కాలుస్తూ అడిగింది. "అక్కా, మీరు ఏది మొదలు రాసిండ్రు?"

"షార్జా" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! దిష్టి ఒక్కటే కాదు. ఆ కుసైస్ సీట్లలో ఒకటి ఆమె పిల్లకి పోతే నా పిల్లకి ఒకటి తగ్గుతుందన్న లెక్క కూడా నా బుర్రలో ఉంది. అది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

"గట్లనా" అని ఆమె చపాతీ తిప్పింది.

శనివారం పొద్దున స్కూలు హాల్లో లాటరీ. పిల్లకి ఒక్కరినే రానిస్తామన్నారు. మావారికి డ్యూటీ. పిల్లలిద్దర్నీ వాళ్లాయనకి అప్పగించి మేమిద్దరం వెళ్లాం. వేదిక మీద గుండ్రటి డబ్బా, అందులో నంబర్లు. ముందు కుసైస్ శాఖకి తీస్తామని ప్రకటించారు.

"మనది కాదు గద అక్కా. దా, బయట చాయ్ తాగొద్దాం. అంతల షార్జాది షురూ అయితది" అని ఆమె లేచింది.

"ఉండు చెల్లీ, ఊరికే చూద్దాం" అన్నాను. బ్యాగులోంచి మా నంబరు చీటీ తీసి పిడికిట్లో పట్టుకున్నాను. ఒక్కో నంబరు చదువుతుంటే ఎక్కడో ఒక ఆడమనిషి కేక వేయడం, చప్పట్లు. ఆమె వాళ్లని చూసి సరదాగా నవ్వుతోంది. మా నంబరుకి ఒక్కటే తక్కువున్న నంబరు వచ్చింది. తర్వాత వేరే నంబర్లు వచ్చాయి. "ఖలాస్, కుసైస్ అయిపోయింది" అన్నాడు వేదిక మీద డబ్బా తిప్పుతున్నాయన.

ఖలాస్. నా పిల్ల సంగతి అయిపోయిందని హాల్లో నాకొక్కదానికే తెలుసు.

షార్జా మొదలవగానే ఆమె నా చేయి పట్టుకుంది. పదో పదకొండో నంబరు ఆమెదే. నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. "మీది గూడ అస్తది, సూడు" అని కళ్లు తుడుచుకుని, ప్రతి నంబరుకీ నా చేయి నొక్కుతూ కూర్చుంది. చివరి నంబరు దాకా నా చేయి వదల్లేదు. జనం లేచి వెళ్లిపోతున్నా ఆమె కదల్లేదు.

"మీది సదువుడు మర్చిపోయిండ్రు కావచ్చు. చిట్టీ ఇయ్యి అక్కా, నేను అడిగొస్త."

"వద్దులే చెల్లీ."

"ఊకో. అడిగితే ఏం పోతది?" అని నా చేతిలోంచి చీటీ తీసుకుంది. నంబరు కింద మేం రాసిన శాఖల వరస అచ్చయి ఉంది. నిలబడి చదివింది. మళ్లీ చదివింది.

"మేం కుసైసే రాసినం మొదలు" అంది నెమ్మదిగా. "మీరు షార్జా అన్నరని మా ఆయనతోని కొట్లాడి మార్పించిన. ఇద్దరు కలిసి పోతరు గదా అని."

అప్పుడు నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. బస్సంటే భయం వేసిందని, నిద్రపోయిన పిల్లని అందులో మరిచిపోతే ఎలాగని, అందుకే కుసైస్ రాశామని అంతా చెప్పేశాను. నా తప్పు తగ్గించుకోవడానికే చెప్పాను. వింటున్నకొద్దీ ఆమె ముఖంలో రంగు మారింది. తిట్టలేదు. చీటీ నా చేతిలో పెట్టి, "నా బిడ్డ ఎవ్వలతోని మాట్లాడదు గదక్కా. ఒక్కతే ఎట్ల పోతది?" అంది.

ఏప్రిల్‌లో స్కూళ్లు తెరిచారు. మా టిక్కెట్లు ఆ వారం చివరికి దొరికాయి. గదిలో సగం సామాను అట్టపెట్టెల్లో ఉంది, పాప వాటి మధ్య పడుకుని ఉంది. ఇంకా సరిగా తెల్లారలేదు. వంటింటి కిటికీలోంచి కిందికి చూస్తే బస్సు ఆగి ఉంది. పెద్ద సంచీ తగిలించుకున్న ఆ చిన్నపిల్ల ఏడవకుండా ఎక్కింది, వెనక్కి తిరిగి చూసింది మా పాప వస్తుందేమోనని. బస్సు కదిలింది. వాళ్లమ్మ దాని పక్కనే కాసేపు నడిచి, తర్వాత పరిగెత్తింది. అద్దం మీద అరచేత్తో కొడుతూ అరుస్తోంది.

"పండుకోకు బిడ్డా! బస్సుల పండుకోకు!"