కుడి వైపు కొలతలు

అంతర్వేది పల్లిపాలెంలో ఇప్పుడు చెక్క నావలు కట్టించుకునేవాళ్లు లేరు. అందరూ ఫైబరు బోట్లకు మళ్లారు. అందుకని నూకయ్య తండ్రి దగ్గర నేర్చుకున్న నావల పని పక్కన పెట్టి, పిలిచిన ఊరికల్లా వెళ్లి గుమ్మాలు, కిటికీలు చేసి వస్తుంటాడు. అరవై దాటిన మనిషి. ఇంట్లో భార్య వీరదుర్గతో కూడా పది మాటలకు ఒక మాట మాట్లాడే రకం. మనసు విప్పి మాట్లాడేది గణపతి దగ్గరే.

గణపతి రాజోలులో మెకానిక్కు. వయసులో ఉన్నప్పుడు, నూకయ్య కట్టిన ఒక నావకు డీజిలు ఇంజను బిగించడానికి అంతర్వేది వచ్చాడు. ఇంజను కూర్చోబెట్టే దిమ్మను అరచేత్తో తడిమి చూసి, "ఎవరు చేసేరండీ ఇది? ఇంత సాపుగా నేనెక్కడా చూళ్లేదు" అన్నాడు. సాయంత్రం ఇంజను స్టార్టయ్యేసరికి ఇద్దరి మధ్యా 'అండీ' పోయి 'ఒరే' వచ్చేసింది. ఆ తరవాత పండగకీ పబ్బానికీ ఒకరింటికొకరు. గణపతి భార్య సత్యవేణి నూకయ్యని అన్నయ్యగారూ అని పిలుస్తుంది.

మూడేళ్ల కిందట రాజోలు పక్కన ఒక పాత రైసుమిల్లు పడగొట్టారు. ఆ మిల్లు ఇంజనును గణపతి జీవితమంతా కాపాడుకొచ్చాడు. ఆ అభిమానంతో మిల్లువాళ్లు, షెడ్డులో మూలనపడి ఉన్న కారొకటి అతనికి ఇచ్చేశారు. అది ఇంగ్లండులో తయారైన ఎమ్జీ. ఇద్దరే పట్టే స్పోర్ట్స్ కారు. పైన కప్పు లేదు, ముందు చక్రాల మీద రెక్కల్లాంటి మడ్‌గార్డులు, తలుపుల మడతబందులు వెనకవైపు. తెచ్చిన రోజునే గణపతి ఫోను చేశాడు.

"ఒరే నూకా, అర్జంటుగా రా. దీనికి లోపలంతా చెక్కేరా! నీ నావలాగే ఉంది!"

నిజమే. కింద ఇనప చాసిస్ ఉంది గాని, పైన ఒళ్లంతా చెక్క ఎముకల మీద రేకు తొడిగిందే. ఆ చెక్కని చెదలు తినేశాయి. నూకయ్య ఒక చోట గోటితో నొక్కితే వేలు లోపలికి దిగబడింది.

"కొత్త చెక్క వేసేద్దాం. రేపే విప్పుదాం" అన్నాడు నూకయ్య.

"తప్పు! ఏడాదిదాకా స్పానరు ముట్టుకోవడానికి వీల్లేదు. ముందు తెలుసుకోవాలి. విప్పడం ఎవడైనా విప్పుతాడు. ఏది ఎక్కడిదో తెలియకుండా విప్పితే అది కారు కాదు, పాత ఇనుము" అన్నాడు గణపతి.

అలా మొదలైంది వాళ్ల పరిశోధన. చెన్నైలో అలాంటి కారే బాగు చేయించుకున్న పెద్దాయన ఒకరున్నారని తెలిసి, గణపతి ఆయన ఫోను నంబరు సంపాదించాడు. తన వచ్చీరాని ఇంగ్లీషుతో మాట్లాడి విషయాలు రాబట్టాడు. ఆ కారు బోల్టులకి మర ఒక కొలతలో, తల ఇంకో కొలతలో ఉంటాయట. మన కొట్లలో దొరకవు. అందుకని ప్రతి బోల్టునూ, ప్రతి వాషరునూ ఉన్నచోటే ఫొటో తీసి, గుర్తు కట్టి, అప్పుడే కదపాలి. అసలు చెక్క యాష్ అనే చెట్టుది. అది ఇక్కడ పెరగదు. మరి దాని బదులు ఏ కర్ర? ఆ బాధ్యత నూకయ్య తీసుకున్నాడు. టేకు, తుమ్మ, వేప ముక్కలకి మరమేకులు బిగించి, సముద్రపు గాలి తగిలేట్టు ఇంటి చూరుకి వేలాడదీశాడు. నెలనెలా ఒక్కొక్కటి దించి, ఏది పగిలిందో, ఏది మేకుని వదిలేసిందో చూసేవాడు. చివరికి టేకే నిలిచింది.

అన్నిటికన్నా కష్టం కొలతలు. పుచ్చిన చెక్క కదిపితే పొడైపోతుంది. పోయిందంటే ఆ వంపు మళ్లీ దొరకదు. కాబట్టి విప్పకముందే, ఉన్నదున్నట్టుగా అట్ట ఆనించి, వంపు గీసి, కత్తిరించి నమూనాలు తీయాలి. నూకయ్య ఆదివారాలు బస్సెక్కి రాజోలు వెళ్లి, కారు కింద వెల్లకిలా పడుకుని, చాలా రోజులకి ఎడమవైపు పూర్తి చేశాడు. సత్యవేణి టీలు అందించేది. గణపతి పక్కనే స్టూలు మీద కూర్చుని, కారు తయారయ్యాక మొదట ఎక్కడికెళ్లాలో చెప్పేవాడు. దిండి వంతెన మీదుగా పాలకొల్లు అనేవాడు ఒకసారి. కాదు, అంతర్వేది తీర్థానికి ఇద్దరం టర్కీ తువ్వాళ్లు తలకి చుట్టుకుని వెళ్దాం అనేవాడు ఇంకోసారి.

ఆ ఏడాదిలోనే చిన్నచిన్న తేడాలు కనిపించాయి. గణపతి చెన్నై పెద్దాయనకి ఫోను చేసి నిన్న అడిగిందే మళ్లీ అడిగాడు. టేకు ఖాయం చేసుకున్న తరవాతి ఆదివారం, "ఇంతకీ ఏ కర్ర వేద్దామంటావురా?" అన్నాడు. నూకయ్య నవ్వేసి మళ్లీ చెప్పాడు. వయసు మీద పడింది కదా అనుకున్నాడు. సత్యవేణి మాత్రం ఒకరోజు అతన్ని సాగనంపుతూ గుమ్మం దాకా వచ్చి, "ఆయన మలికిపురం వెళ్లి తిరిగొచ్చే దారి మర్చిపోయేరండి అన్నయ్యగారూ. ఎవరో బండి మీద దింపేరు" అని మెల్లగా చెప్పింది. డాక్టరుకి చూపించమన్నాడు నూకయ్య.

అంతలో ముమ్మిడివరంలో కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు తలుపుల పనికి పిలిచారు. నూకయ్య అక్కడే ఉండిపోయి పని చేశాడు. కుడివైపు నమూనాలు వచ్చాక తీద్దామనుకున్నాడు. పని ముగించుకుని, ఇంటికి కూడా వెళ్లకుండా తిన్నగా రాజోలులో దిగాడు.

వీధి మలుపులోనే సుత్తి చప్పుడు వినిపించింది. సత్యవేణి గేటు దగ్గరే ఎదురై, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"వద్దంటే విన్లేదండి. నూకయ్య మొదలెట్టమన్నాడే అన్నారు. మీరు చెప్పేరేమో అని నేనూ ఊరుకున్నాను."

షెడ్డులో కారు లేదు. చాసిస్ ఒక్కటే ఉంది. రేకులు గునపంతో పెకలించినట్టున్నాయి. కుడివైపు రేకు మధ్యకి మడతపడింది. చెక్క అంతా పొట్టయి నేల మీద ఉంది. బోల్టులు, నట్లు, వాషర్లు అన్నీ కలిపి ఒకే సిమెంటు తట్టలో పోసి ఉన్నాయి. దేనికీ గుర్తు లేదు. వాటి మధ్య గణపతి ఒంటి నిండా మసితో, చెమటతో, పెళ్లికొడుకులా వెలిగిపోతూ కూర్చున్నాడు.

"రారా! నువ్వొచ్చేదాకా ఆగలేక నేనే మొదలెట్టేను. చూడు, ఎంత పనైపోయిందో!"

నూకయ్య కూలబడ్డాడు. గుప్పెడు పొట్టు తీసుకున్నాడు. అది వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"కుడివైపు కొలతలు తీసేవా గణపతీ?"

"కొలతలా? ఏం కొలతలు?"

అడిగాక గణపతి తట్ట వైపు చూశాడు. రేకు వైపు చూశాడు. ముఖంలో వెలుగు కొంచెం కొంచెంగా ఆరిపోయింది. జీవితమంతా మెకానిక్కుగా బతికిన మనిషి. తను చేసిందేమిటో ఒక్క క్షణం పూర్తిగా తెలిసింది. చేతిలో సుత్తి కింద పెట్టేశాడు.

"ఒరే నూకా, ఇదంతా నేనే చేసేనా?"

నూకయ్య అబద్ధాలాడే మనిషి కాదు. కాని ఆ చూపు ఎదురుగా నిలబడి నిజం చెప్పడం అతనివల్ల కాలేదు.

"నువ్వొక్కడివేంటి? ఇద్దరం కలిసే కదరా విప్పేం. మర్చిపోయేవా?"

"గుర్తులు పెట్టేమా మరి?"

"ఆయ్, పెట్టేం. అన్నీ నా దగ్గరే ఉన్నాయి. నువ్వు లే. చేతులు కడుక్కో."

గణపతి హమ్మయ్య అని నిట్టూర్చి లేచాడు. పెరట్లో సత్యవేణి అతని చేతుల మీద నీళ్లు పోస్తుంటే, నూకయ్య షెడ్డులో గోడ వైపు తిరిగి, శబ్దం బయటికి రాకుండా ఏడ్చాడు.

కాకినాడ తీసుకెళితే అక్కడి డాక్టరు మతిమరుపు జబ్బనీ, తగ్గేది కాదనీ, పెరగకుండా కొన్నాళ్లు ఆపడానికే మందులనీ చెప్పాడు.

గుర్తులన్నీ తన దగ్గరున్నాయన్న మాటని నూకయ్య నిజం చేయాలని చూశాడు. ఎడమవైపు అట్టల్ని తిరగేసి, కుడివైపుకి టేకు ముక్కలు చెక్కాడు. చక్కగానే వచ్చాయి. కాని మడతపడ్డ రేకు వాటి మీద కూర్చోలేదు. ఒకచోట నొక్కితే ఇంకోచోట లేచేది. తట్టలో బోల్టులు ఏవి ఎక్కడివో చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆ మనిషి వాటిని దోసిట్లోకి తీసుకుని, కాసేపు గలగలలాడించి, తిరిగి తట్టలోనే పోసేవాడు.

వర్షాకాలం వెళ్లాక ఒక ఆదివారం నూకయ్య షెడ్డులోకి వెళ్లేసరికి గణపతి మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"రండి, కూర్చోండి. ఏ ఊరండీ మనది?"

నూకయ్య ఎన్నో తిట్లు తిన్నాడు ఆ నోటివెంట. పనిలో తేడా వస్తే వెధవా అనిపించుకున్నాడు. ఒక్క 'అండీ' ముందు అవేవీ నొప్పి అనిపించలేదు.

"అంతర్వేదండీ" అన్నాడు.

"ఆయ్. మంచి ఊరండి" అన్నాడు గణపతి.

ఆ మరుసటి ఏడు విశాఖపట్నం నుంచి పాత కార్లు సేకరించే ఒకాయన వచ్చాడు. తన దగ్గరున్న ఇంకో ఎమ్జీకి విడిభాగాలుగా పనికొస్తాయని మిగిలిందంతా అడిగాడు. సత్యవేణి నూకయ్యని అడిగింది. ఇచ్చేయమ్మా అన్నాడతను. చాసిస్‌ని వ్యాన్లోకి ఎక్కిస్తుంటే తనూ ఒక పక్క పట్టాడు. టేకు ముక్కలు అక్కర్లేదని వాళ్లు వదిలేశారు. కారేదని గణపతి అడుగుతాడేమో, ఏం చెప్పాలా అని నూకయ్య రాత్రింబవళ్లు మథనపడ్డాడు. గణపతి ఆ రోజూ అడగలేదు, ఆ తరవాతా అడగలేదు. అడక్కపోవడమే నూకయ్య భరించలేకపోయాడు.

షెడ్డు ఖాళీ అయినా ఆదివారాలు వెళ్లడం మానలేదు. చేయడానికి పనేం లేదు. అరుగు మీద ఇద్దరూ వీధిలోకి చూస్తూ కూర్చుంటారు. మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం నూకయ్య బయల్దేరబోతూ చెప్పులేసుకుంటుంటే, గణపతి లోపలికి వెళ్లి భార్యతో అంటున్న మాటలు కిటికీలోంచి వినిపించాయి.

"ఆ పెద్దాయన ప్రతివారం వచ్చి కూర్చుంటున్నాడే. పాపం, ఆయనకెవరూ లేనట్టున్నారు. అన్నం పెట్టి పంపించు."

సత్యవేణి బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది. నూకయ్య చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, లోపలికెళ్లి పీట మీద కూర్చున్నాడు. గణపతి ఎదురుగా కూర్చుని, ఇంకొంచెం వేయించుకోండి, మొహమాటపడకండి అని దగ్గరుండి తినిపించాడు.