పెంకుల సందులోంచి గ్రహణం

గ్రహణమనే మాటకు మూలం ‘గ్రహ్’ అనే సంస్కృత ధాతువు. పట్టుకోవడం అని అర్థం. మనుషుల్ని పట్టుకుంటాయనుకున్నవి గ్రహాలయ్యాయి. సూర్యుణ్ణి నీడ పట్టుకుంటే గ్రహణం, బుర్ర ఒక సంగతిని పట్టుకుంటే గ్రహింపు, పెళ్లిలో చెయ్యి పట్టుకుంటే పాణిగ్రహణం. సైన్సు మాస్టారిగా ఏటా తరగతిలో ఇదంతా చెప్పేవాణ్ణి. పిల్లల్ని పట్టుకున్నది మాత్రం నిద్ర.

2019 డిసెంబరులో, పొద్దుటిపూట సూర్యగ్రహణం వచ్చింది. నా భార్యకు ఏడో నెల. పాతపట్నం దగ్గర పుట్టింట్లో ఉంది. గ్రహణం చూసే కళ్లద్దాలు ఇద్దరికీ తీసుకెళ్లాను. అత్తగారు వాటినొకసారి చూసి, నా చేతిలో గోనెసంచులు పెట్టారు.

“కిటికీలకి కట్టండి బాబూ. సందు ఉండకూడదు.”

ఆవిడ చెల్లెలు గ్రహణం మొర్రితో పుట్టి, పాలు తాగలేక చనిపోయింది. తల్లి గ్రహణం చూసిందని ఇంట్లో అందరి నమ్మకం. చిన్నప్పుడు ఆ పసిదాన్ని ఒళ్లో పెట్టుకున్న మనిషికి నేనేం పాఠం చెప్పను? బుద్ధిగా సంచులు కట్టాను.

గదిలో చీకటి, గోనె వాసన. నా భార్య మంచం మీద కదలకుండా వెల్లకిలా పడుకుంది. కాసేపటికి పెంకుల సందుల్లోంచి సన్నటి వెలుగు కాడలు దిగాయి. గచ్చు మీద నిమ్మకాయంత వెలుగు చుక్కలు, అన్నీ ఒకే పక్క కొరికినట్టు. ఎన్ని సందులో అన్ని సూర్యుళ్లు, అన్నింటికీ గ్రహణమే. కిటికీలు మూసి మేమే దానికి సినిమా హాలు కట్టిచ్చాం.

“ఒసే, సూడకే. కళ్లు ముయ్యి,” అన్నారు అత్తగారు.

“నాను సూడ్డం నేదమ్మా. అదే నన్ను సూస్తన్నాది.”

ఒక చుక్క గచ్చు మీంచి మంచం ఎక్కి, నీళ్లలో తేలుతున్నంత నెమ్మదిగా ఆమె పొట్ట మీదికి వచ్చింది. అత్తగారు లేచి, దానికి అడ్డంగా అరచెయ్యి పెట్టారు. కొరికిన సూర్యుడు ఆ ముడతల చేతి మీద వెలిగాడు.

“వట్టి వెలుగే అత్తయ్యా. ఏమీ చెయ్యదు.”

“మీకు తెలుసు బాబూ. నాకు బయ్యం. పడితే నా మీద పడనీ.”

నీడ వదలడానికి ఇంకా చాలాసేపుంది. ఆవిడ రెండో చేత్తో ఆ మోచేతిని పట్టుకున్నారు. నేను లేచి, ఆవిడ చేతి కింద నా చెయ్యి పెట్టి, ఆవిణ్ణి కూర్చోమన్నాను. ఆవిడ కూర్చోలేదు. వంగి నా చేతిని పరీక్షగా చూశారు.

“ఏళ్లు దగ్గిరగా కలపండి. సందుల్లోంచి దిగిపోతాది.”

కలిపాను.