మూడో గదిలో రెండు గీతలు

ఈ ఉదయం డ్యూటీకి వెళ్తుంటే, హనుమాన్ జంక్షన్‌లో బస్సు పక్కన ఆగిన లారీలోంచి మగ్గుతున్న బంగినపల్లి వాసన వచ్చింది. అందరికీ నోరూరే వాసన. నాకు మాత్రం ఇప్పటికీ ముందు రమాదేవి మేడం గుర్తొస్తారు. ఆగిరిపల్లి దగ్గర మామిడికాయలు మగ్గబెట్టే మా కేంద్రంలో కంప్యూటర్ల పని ఆవిడ చూసేవారు. అప్పట్లో నేను కొత్తగా చేరాను.

మగ్గే గదుల్ని నడిపే ప్రోగ్రాం రోజంతా వేల లైన్లు కక్కుతూ ఉండేది. అందులో మాకు కావలసింది ఏ గదిలో ఎంత వేడి ఉందన్న ఒక్క ముక్క. మేడం ఇంకో చిన్న ప్రోగ్రాం రాశారు. అది ‘టెంపరేచర్’ అన్న మాట ఉన్న లైనును పట్టుకుని, ఆ మాట తర్వాతి అంకెను, అక్షరాల వరసను బట్టి వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో ఏరి తెర మీద చూపించేది. అంతటితో ఊరుకుంటే ఆవిడ రమాదేవి ఎందుకవుతారు? మా వైపు కాయలు గ్రేడింగ్ చేసేటప్పుడు, ఏరి పడేసిన కుప్పను పారబోసే ముందు ఇంకోసారి తిరగేస్తారు. తోటల్లో పెరిగిన మనిషి కదా, ఆ అలవాటు ఇక్కడికీ తెచ్చారు. మాట ఉండీ అంకె దొరకని లైన్లన్నీ వేరే ఫైల్లో పోగేయించి, రోజూ పొద్దున్నే నా చేత చదివించేవారు. ఏం చాదస్తమో అని లోలోపల విసుక్కునేదాన్ని.

ఒకరోజు ఆ ఫైల్లో ఒకే లైను మళ్లీ మళ్లీ కనిపించింది. మూడో గది టెంపరేచర్, అంకె ఉండాల్సిన చోట రెండు గీతలు. తెర మీద మాత్రం మూడో గది నిక్షేపంగా ఉంది.

ఆ గదిలో ఉన్నది ముసునూరు రైతు వెంకట్రావు గారి కాపంతా. గాలివానకు రాలగా మిగిలిన కాయలవి, ఆ ఏడు ఆయనకు ఇంకే ఆధారమూ లేదు. మేడం తలుపు తీయిస్తానన్నారు. మధ్యలో తీస్తే కాయల్ని మగ్గబెట్టే లోపలి గ్యాసు పోయి కాయ సరిగా పండదు. ఆయన తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

“తెర మీద బానే ఉంది కదమ్మా. ఉత్త అనుమానానికి నా కాపు పాడుచేస్తారా?”

మేడం తలుపు అంచు వెంబడి అరచెయ్యి ఆనించి, లోపలి వేడి తగులుతుందేమో చూశారు.

“ఆ తెర మీద అంకె వచ్చేలా రాసింది నేనేనండీ. అందుకే నమ్మట్లేదు. జరగండి.”

తలుపు తీయగానే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. సెన్సర్ వైరు తెగి, దాంతోపాటే కూలింగూ ఆగిపోయింది. కొత్త అంకె రాక, తెర పాత అంకెనే చూపిస్తూ కూర్చుంది. పక్క గది ఖాళీగా ఉండబట్టి సరిపోయింది. అందరం ట్రేలు మోశాం, వెంకట్రావు గారు కూడా మోశారు. గోడవారన ఉన్న కాయలు పోయాయి. మిగతా కాపు దక్కింది.

ఆ సాయంత్రం, గీతలు కనబడితే గంట మోగేలా ప్రోగ్రాం మారుస్తానన్నాను. “మార్చు. ఆ ఫైలు మాత్రం తీసెయ్యకు, రేపు తప్పు ఇంకోలా వస్తుంది,” అన్నారు మేడం.

ఇప్పుడు ఆవిడ లేరు. ఆవిడ కుర్చీలో నేనున్నాను. చాలా రోజులు ఆ ఫైలు ఖాళీగానే వస్తుంది. ఖాళీగా వచ్చిన రోజే నాకు ఎక్కువ భయం, దానికీ చిక్కకుండా ఏదైనా జారిపోయిందేమోనని. లేచి వెళ్లి, ప్రతి గది తలుపు అంచునా అరచెయ్యి ఆనించి చూసి వస్తాను.