విజయమ్మ గిర్నిల నిద్ర

విజయమ్మకు మెల్లగ మాట్లాడుడు రాదు. అయిజల మా ఇంటి ఎనకనే ఆమె ఇల్లు, ముందరర్రల పిండి గిర్ని. మోటరు చప్పుడు మీద అరిసి అరిసి, మోటరు బందు చేసినంక గూడ గట్లనే అరుస్తది. కనుబొమ్మల మీద ఎప్పుడూ జొన్నపిండే. మిరపకాయలు పట్టే దినం గల్లీ అంత తుమ్ముతది. కరోన వచ్చినంక అయితే, తుమ్ము వినబడంగనే ఒకరినొకరు అనుమానంగ చూసుకుంట ఇండ్లల్లకు ఉరికెటోళ్లు. విజయమ్మ వాకిట్ల నిలబడి, "రోగం గాదు, మిరపకాయ!" అని అందరికీ చెప్తుండె.

రెండోసారి కరోన వచ్చినప్పుడు మా ఆయన దవాఖానలనే పానం ఇడిసిండు. ఇంటికి తేనియ్యలే. మొఖం గూడ చూడలే. దినాలు నలుగురితోనే కానిచ్చినం.

మా దిక్కు దినాలైనంక తోడబుట్టినోళ్లు వచ్చి నిద్రకు తోల్కపోతరు. వాళ్లింట్ల పండుకొని వస్తేనే మనిషి మళ్ల వేరేటోళ్ల గడప తొక్కుతది. వనపర్తిల ఉండే మా తమ్ముడు నరేందర్, "అక్కా, జర ఆగు, ఇంట్ల చిన్నపిల్లలున్నరు" అని ఫోన్ల చెప్పిండు. వాన్ని ఏమనలే. పిల్లలకేమన్న అయితదేమోనని నాకూ భయమే. గని ఆయన పోయిన కాంచి నాకు కన్ను మూతపడలే. ఇల్లంత సప్పుడు లేకుంటుండె. ఆ సప్పుడు లేని దాంట్ల ఆయన దగ్గే వినబడుతుండె.

ఒకనాడు తెల్లారంగ విజయమ్మ వాకిట్లకొచ్చింది.

"వదినా, నడువు. నిద్రకు తీస్కపోను వచ్చిన."

"నువ్వా? మీరు చర్చికి పోయెటోళ్లు గద, మీకు గీ నిద్రలుంటయా?"

"నిద్రవోను గూడ మతం గావాల్నా?"

"ఇది రాత్రి చెయ్యాలె, విజయమ్మా."

"రాత్రి మా ఇంటాయన జోసెఫ్ గురకకు నీకు నిద్రెట్ల వస్తది? పగలే పండు!"

ఆ మాట గల్లీ అంత విన్నది. ఎవరో నవ్విన్రు. నాకూ నవ్వొచ్చింది, ఎన్ని దినాలకో.

గిర్నిల ఓ మూలకు ఖాళీ సంచులు పరిచి, మీద బొంత ఏసింది. తాను దూరంగ గడప కాడ కూసున్నది.

"ఊకె ఒరిగి లేస్తె సాలు" అన్న.

"దొంగనిద్రకైతె నేను కావలెందుకు? మంచిగ పండు!"

కండ్లు మూసుకున్ననో లేదో, గల్లీల ఉండే మహిపాల్ గోధుమల సంచి తెచ్చిండు.

"అరువకు! ఆమె పండుకున్నది!" అని విజయమ్మ అరిసిన అరుపుకు ఉలిక్కిపడి లేచిన.

"చూడు, లేపినవ్!" అని ఆయన్నే తిట్టింది.

"నేను నోరే తెరవలే గద, విజయక్కా! ఇంట్ల పిండి నిండుకున్నది. లాక్‌డౌన్ గద, పది దాటితే పోలీసులు బయట ఉండనియ్యరు."

"పట్టు, విజయమ్మా. పాపం" అని మళ్ల ఒరిగిన.

మోటరు మొదలైంది. నేల అదురుతుంటె ఆ అదురు వీపుకు తెలుస్తున్నది. చెవులల్ల ఇంకొక సప్పుడుకు జాగ లేకపాయె. పిండి వాసన వెచ్చగ వచ్చింది. ఎప్పుడు నిద్రపట్టిందో తెల్వదు.

లేచేసరికి ఎండ అవతలి గోడకెక్కింది. నా చీర, నెత్తి అంత తెల్లగున్నయ్. విజయమ్మ గడప మీద గట్లనే ఉన్నది, తినకుంట. రొట్టె తుంచి నా చేతిల పెట్టింది. వాళ్లింట్లనే కూసోని తిన్న.

కరోన జర తగ్గినంక నరేందర్ ఫోన్ చేసిండు.

"రేపొచ్చి నిద్రకు తీస్కపోత, అక్కా."

"నిద్ర అయిపోయిందిరా. ఊకె పిల్లల్ని చూడనీకె వస్త."