ఏ బొమ్మ చూడమంటారు?

మాచర్లలో ఒక సినిమా హాల్లో సుభానీ ఇరవై ఏడేళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాడు. హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారు. ఇంట్లో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే తండ్రిని చూడలేక, కూతురు ఫరా ఫేస్‌బుక్‌లో ఆయన పేరిట ఒక పేజీ తెరిచింది. ఆదివారం మూడు పాత సినిమాల పేర్లు పెట్టేది. పాఠకులు దేనికి ఎక్కువ ఓట్లు వేస్తే, శుక్రవారం నమాజు నుంచి వచ్చాక సుభానీ దాన్ని టీవీలో చూసి నాలుగు ముక్కలు రాసిచ్చేవాడు. కథ జోలికి పోయేవాడు కాదు. ఏ పాటకి నేల క్లాసు మొత్తం లేచి నిలబడిందో, ఏ ఫైటులో రీలు తెగితే తనను ఎన్ని రకాలుగా తిట్టారో రాసేవాడు. రెండేళ్లలో ఆ రాతలకి నాలుగు వేలమంది అలవాటుపడ్డారు.

ఒక శుక్రవారం సినిమా మధ్యలో, "ఈ ఛానెల్ వాళ్లు మూలన ఉండే గుర్తు తీసేశారేందే?" అనడిగాడు. భార్య మాబున్నీసా టీవీ వంక చూసింది. గుర్తు ఎక్కడిదక్కడే ఉంది.

నరసరావుపేట కళ్ల డాక్టరు నీటికాసులు, అంటే గ్లకోమా అన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టడానికి మందు చుక్కలు వేద్దాం, కానీ బాగా ఆలస్యంగా వచ్చారన్నాడు. తిరుగు బస్సులో పిడుగురాళ్ల దాటేదాకా ఫరా కిటికీ వైపే మొహం పెట్టుకుని కూర్చుంది. ఆ ఆదివారం ఏ పేర్లూ పెట్టవద్దని చెప్పి, సుభానీ ఒక్క మాటే రాయించాడు: "ఇంకో నాలుగైదు సినిమాలకి సరిపడా చూపుందేమో. ఏ బొమ్మ చూడమంటారు?"

వందల కొద్దీ పేర్లొచ్చాయి. పెళ్లిచూపులయ్యాక చూసిన సినిమా అని ఒకరు, నాన్నతో చూసిన ఆఖరి సినిమా అని ఇంకొకరు. అందరూ అడిగినవి సొంత జ్ఞాపకాలే. ఎక్కువమంది అడిగిన మూడింటినీ సుభానీ తెరకు జానెడు దూరంలో కూర్చుని చూశాడు. మాబున్నీసాకు ఒళ్లు మండింది.

"కళ్లు నీవి. చూసేది వాళ్లు చెప్పిందా? నీకంటూ ఒకటి లేదా?"

"ఇన్నేళ్లూ ఎవురో రీలు డబ్బాలు పంపారు, నేను ఆడించాను. నాకేది కావాల్నో ఎప్పుడూ అనుకోలా. ఇప్పుడు అనుకుందామంటే తోచట్లా."

మరుసటి ఆదివారం రెంటచింతల నుంచి ఉష అనే టీచరు, "ఈసారి నా ఓటు మీకే అంకుల్. మీకు నచ్చింది చూడండి," అని రాసింది. దాని కింద అదే మాట రెండొందలమంది రాశారు. ఫరా చదువుతుంటే సుభానీ తల వంచుకుని విన్నాడు. రెండు వారాలు ఏ పేరూ చెప్పలేకపోయాడు. ఈలోగా ఎడమ కన్ను పూర్తిగా పోయింది.

చివరికి భార్యనడిగాడు. "మన హాల్లో నువ్వు ఫస్టు చూసిందేంది?"

ఆమె చెప్పింది. పెళ్లయిన ఏడాది, మార్నింగ్ షోలో పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా. ఆడవాళ్ల వరసలో ఒక్కతే కూర్చుంది. "నువ్వు పైన కేబిన్లో ఉన్నావు. ఇంటర్వెల్లో వస్తావేమోనని చూశా. రాలా."

"రీలు ఎక్కించుకోవాలి గదే."

"తెలుసులే."

ఆ శుక్రవారం ఆ సినిమానే పెట్టుకున్నారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సినిమా చూడటం అదే మొదలు. కాసేపటికే కుడి కన్ను కూడా సహకరించక సుభానీ, "ఏం జరుగుతందో చెప్పు," అన్నాడు. ఆమెకు చెప్పడం చాతకాలేదు. "ఆమె వచ్చింది... పోయింది... ఇప్పుడు ఉత్తరం చదువుతంది," అంటూ పోయి, ఒకచోట ఆగిపోయింది. పాట వినపడుతోంది. సుభానీ తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆ సినిమా గురించి రాయడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ తర్వాత పేజీలో ఓటింగు పెట్టలేదు. అయినా ఆదివారాలు ఎవరో ఒకరు సినిమా పేరు పంపుతూనే ఉన్నారు. ఫరా చదివి వినిపిస్తుంది. సుభానీ అన్నీ వింటాడు. "మంచి బొమ్మ. బాగా ఆడింది," అంటాడు.